పదిహేడో అంతస్తు డేగలు

మానవజాతి తన భయాలను శిలాశాసనాలకెక్కించలేదు. లిఫ్టు మీటల మీద చెక్కించింది. మలేసియాలోని పినాంగ్‌లో మూడు తర్వాత ఐదు, పన్నెండు తర్వాత పదిహేను. చైనావాళ్ల నోట నాలుగు మృత్యువులా పలుకుతుంది కాబట్టి అది తగిలిన ప్రతి అంతస్తునూ మేస్త్రీలు సృష్టిలోంచే బహిష్కరించారు. పదమూడును వెళ్లిపోయిన తెల్లదొరల గౌరవార్థం వదిలేశారు.

రిటైరైన టైపు మాస్టారు తియో బెంగ్ హుయాత్ ఈ శాసనాన్ని జీవితంలో ఒక్కసారే మరిచాడు. నిరుడు భార్య గైక్ చూ వంటగదిలో కుప్పకూలినప్పుడు, అంబులెన్సు వాళ్లకు కిటికీల వరుసలు లెక్కపెట్టి ఆరో అంతస్తు అని చెప్పాడు. లిఫ్టులో అది ఏడు. వాళ్లు ఆరులో ఎవరిదో తలుపు కొడుతూ పన్నెండు నిమిషాలు నిలబడ్డారు. వాళ్లొచ్చేసరికి ఆమె లేదు.

అంతకుముందు ప్రతి ఏడూ ఇద్దరూ ఎదుటి ఆఫీసు భవనం గట్టు మీది డేగల సంసారాన్ని కలిసి చూసేవారు. ఈసారి ఆయన ఒక్కడే. పెట్ట డేగ పావురాన్ని చీల్చి ముగ్గురు యువరాజులకు పంచుతూ, మధ్యలో ఆగి ఆయన కిటికీ వైపు చూసేది. కాఫీలో రెండో చెంచా పాలమీగడ వేసుకోబోతున్నప్పుడు మరీను. ఆ చూపుతో ఆయనకు నలభై ఏళ్ల కాపురం. చెంచా దించేసేవాడు.

పెద్దలను తలుచుకునే చెంగ్‌బెంగ్ పండగ నాడు భార్య సమాధి ఊడ్చి, అగరొత్తులు గుచ్చి, మాటిచ్చాడు.

"ఆ మూడూ ఎగిరేదాకా కాస్తానే. ఈసారి పొరపాటు రానివ్వను."

మర్నాడే ఎదుటి భవనానికి తాళ్లు కట్టారు, అద్దాలు తుడిచే తొట్టి కోసం. పిల్లలకు రెక్కలింకా ముదరలేదు. మనిషి దగ్గరికొస్తే బెదిరి దూకేస్తాయి. గూడు బయటినుంచి పద్నాలుగో వరుస. ఆయన బహిష్కృతమైన నాలుగు, పదమూడు, పద్నాలుగు అంతస్తులు మూడింటినీ వేళ్ల మీద కలుపుకుని, భవనం మేనేజరు ఫరీజాకు ఫోను చేశాడు.

"అమ్మా, పదిహేడో అంతస్తు. పదిహేడు. ఆ గట్టు దగ్గరికి మాత్రం మీవాళ్లను రానీకు."

"డేగల అంకులా? మా వాచ్‌మన్ చెప్పాడు, బైనాక్యులర్స్‌తో మా ఆఫీసు అమ్మాయిల్ని చూస్తారట!"

"ఛీ ఛీ! నా వయసేమిటి, నువ్వనే మాటేమిటి!"

"ఊరికే అన్నాను అంకుల్. నిశ్చింతగా ఉండండి, నేను చూసుకుంటాగా."

చూసుకుంది కూడా. బయటివాళ్లు కిటికీలే లెక్కపెడతారని, మాయమైన అంతస్తుల సంగతి వాళ్లకు పట్టదని ఆమెకు పదేళ్ల అనుభవం. ముసలాయన మీద దయతో ఇంకో మూడు కలిపి, పనివాళ్లకు ఇరవై అని రాసిచ్చింది.

గురువారం పొద్దున తొట్టి ఇరవయ్యో అంతస్తును భక్తిశ్రద్ధలతో దాటి, తిన్నగా పదిహేడు ముందు ఆగింది. సబ్బునురగతో బ్రష్షు పైకి లేచింది. ఆయన కిటికీ బాదుతూ అరిచాడు. వీధి రొద ఆ అరుపును మింగేసింది. పెద్దపిల్ల గట్టు చివరికి జరిగి దూకింది. రెక్కలు విప్పింది, గాలి వాటికి అందలేదు. దుకాణాల పెంకుకప్పుల వెనక ఎక్కడో పడిపోయింది. తల్లి చాలాసేపు కేకలు వేస్తూ పైన తిరిగి, గట్టు మీద వాలి, ఆయన వైపు తిరిగింది. ఆయన తెర లాగేశాడు. తెర వెనకనుంచీ ఆ చూపు వీపుకు తగులుతూనే ఉంది.

సాయంత్రం ఫరీజాయే ఫోను చేసింది.

"మీ పిల్లలెలా ఉన్నారంకుల్? మీ లెక్క సరిచేసి, ఇరవయ్యో అంతస్తును ముట్టుకోనివ్వలేదు."

ఆయన తెర కాస్త తొలగించి, గూటికి పైన మూడు వరుసలు లెక్కపెట్టాడు. "ఇరవైలో... ఏముందమ్మా?"

"ఏసీ యంత్రాలు అంకుల్. అక్కడ అసలు తుడవడానికి అద్దాలే లేవు."