చుక్కి దాటని కంచె

కదిరిలో ముళ్లతీగ కావాలన్నవాళ్లు మా అంగడికే రావాలి. మా నాయన పెట్టిన అంగడి అది. తీగచుట్టలు, మేకులు, గడ్డపారలు, తలుపు గొళ్లాలు అన్నీ ఉంటాయి. ఎవరి పొలానికి ఎన్ని వరసలు లాగాలో, ఎంత దూరానికొక రాతికూసం పాతాలో వాళ్లు అడగకముందే చెప్పేవాణ్ణి. ‘సోమశేఖర్ శెట్టి చెప్పినాడు’ అంటే ఇంక ఎదురు లేదు. అలాంటి నన్ను ఒక మేక ముందు నిలబెట్టి పదిమందిలో నవ్వులపాలు చేసింది వనజాక్షమ్మ. అయినా ఆమె పేరెత్తితే నాకు ఇప్పటికీ రెండు చేతులూ జోడించాలనిపిస్తుంది.

నల్లమాడ దగ్గర ఒక పల్లె ఆమెది. భర్త బయ్యన్న ఊరికి పెద్దమనిషి. ఎలక్షన్లొస్తే జీపు దిగడు, లేనప్పుడు అరుగు దిగడు. సేద్యమంతా ఆమెదే. ఏటా చెనిక్కాయ, అదే వేరుశెనగ, వేయడం, మెడ పట్టేసేదాకా మబ్బులకేసి చూడడం, చివరికి కట్టె తప్ప కాయ దక్కకపోవడం మా సీమలో అందరికీ అలవాటైన సంగతే. తొంభై ఎనిమిదిలో ఆమె చేలో బోరు పడింది. అంతకుముందు వేసినవన్నీ దుమ్మే కక్కాయి. ఈసారి మాత్రం నీళ్లు చేతిలావున వచ్చాయి. ఆ నీళ్లు చూసి ఆమె చీనీ మొక్కలు పెట్టింది, బత్తాయి అంటారే, అవి. ఇంట్లో ఉన్నదీ, ఒంటిమీద ఉన్నదీ అందులోనే పెట్టింది. చీనీ కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు ఆగాలి. అంతవరకూ ఆ మొక్కలు నిలిస్తే ఆ ఇల్లు గట్టెక్కుతుంది. లేకపోతే మళ్లీ పెట్టడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

చేను పక్కనే కొండకు పోయే దారి. మేకలూ గొర్రెలూ కాసుకునే తిమ్మక్క మంద రోజూ ఆ దారినే పోవాలి, రావాలి. లేత చీనీ ఆకు కనిపిస్తే మేక ఊరుకుంటుందా? అలాగని తిమ్మక్కతో జగడం పెట్టుకునే వీలూ లేదు. ఎండాకాలం వస్తే ఆ మందే వనజాక్షమ్మ చేలల్లో పడుకోవాలి, దాని ఎరువుతోనే చేలు పండాలి. మా వైపు దాన్ని మంద తోలించుకోవడం అంటారు. ఆ రెండిళ్లకూ అత్తల కాలం నుంచీ నడుస్తున్న పొత్తు అది.

ఒక సంత రోజు మొగుడూ పెళ్లాలిద్దరూ మా అంగడికొచ్చారు.

“ఏం శెట్టన్నా, మేక దూరని కంచె ఏముండాది నీ తావ?” అంది ఆమె, కూర్చోకముందే.

“నాలుగు వరసల ముళ్లతీగ లాగితే మేక కాదు కదక్కా, గాలి గూడా నిన్ను అడిగి లోపలికి పోవాల” అన్నాను. అమ్మకం మాటలు నాకు పుట్టుకతో వచ్చాయి.

బయ్యన్న గొంతు సవరించుకున్నాడు. “ఇంత తీగ యాల? ఒక్క వరస లాగి, మోటారు కాడినుంచి కరెంటిస్తే సరిపోతాది. ఒక మేక సచ్చిందంటే రెండోది ఆ పక్కకు రాదు.”

“మేకెనక తిమ్మక్క వస్తాది. ఆయమ్మ గూడా సావల్నా?” అంది వనజాక్షమ్మ. “చెట్టు పోతే ఇంగోటి పెట్టుకుంటాము. నువ్వు ఊరకుండు.”

మండలమంతా మైకు పట్టుకుని మాట్లాడే మనిషి, గోడకు వేలాడుతున్న తాళంకప్పలను చూడ్డంలో మునిగిపోయాడు.

ఆమె నావైపు తిరిగింది. “నువ్వు తీగ మేలంటాండావు. కూలోళ్లు రేగుకంప మేలంటారు. మా మరిది రాతిగోడ అంటాడు. ఎవురినడిగినా వాళ్లది వాళ్లు పొగుడుకుంటాండారు. ఇంతమందిని అడిగేదానికన్నా, దూరేదాన్నే అడిగితే పోలా?”

“దూరేదంటే?”

“మేకనప్పా!”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వచ్చే ఆదివారం తీగచుట్ట, కూసాలు తీసుకుని చేనికి రమ్మని చెప్పి లేచింది.

తిమ్మక్క దగ్గర చుక్కి అని ఒక మేక ఉండేది. నల్లటి ఒళ్లు, నుదుట తెల్లచుక్క. ఆ ఊళ్లో అది దూరని పెరడు లేదు. పెళ్లిపందిరికి కట్టిన మామిడాకులు ముహూర్తానికి ముందే తినేసిన ఘనత దానిది. ఎలక్షన్లప్పుడు గోడలకంటించిన బయ్యన్న బొమ్మల్ని మీసాలతో సహా నమిలి మింగింది. దాన్ని బండబూతులు తిట్టని మనిషి ఆ ఊళ్లో వనజాక్షమ్మ ఒక్కతే. శనివారం ఆమె తాంబూలం, కుంకుమ భరిణె పట్టుకుని తిమ్మక్క ఇంటికి పోయిందట. “రేపు మా చేలో కార్యముండాది తిమ్మక్కా. నువ్వూ నీ చుక్కీ వచ్చి జరిపించి పోవల్ల” అని పేరంటానికి పిలిచినట్టు పిలిచిందట. తిమ్మక్కకు మొదట కోపమొచ్చింది, తర్వాత గర్వమొచ్చింది.

ఆదివారం నేను పోయేసరికి ఊరు సగం అక్కడే ఉంది. తోట అవతల బీడులో, నాటగా మిగిలిన చీనీ మొక్కలు మూడు విడివిడిగా నాటారు. ఒకదాని చుట్టూ రేగుకంప వేశారు. ఒకదాని చుట్టూ నడుమెత్తు రాతిగోడ పేర్చారు. మూడోదాని చుట్టూ నేను కూసాలు పాతించి నాలుగు వరసల తీగ బిగించాను. వేలితో మీటితే మోగేట్టు బిగించాను.

తిమ్మక్క చుక్కిని తోలుకుని వచ్చింది. దాని నుదుట చుక్కమీద కుంకుమబొట్టు ఉంది.

“నా చుక్కి పోలేని కంచె యాడన్నా ఉంటే సూపించు వనజమ్మా, ఆ కంచెకు నేను దండం పెడతా” అని తాడు విప్పేసింది.

చుక్కి ముందు నా తీగ దగ్గరికే వచ్చింది. కాసేపు నిలబడి చూసింది. తీగను కాదు, నన్నే చూసిందని నా అనుమానం. ముందుకాళ్లు మోకాళ్ల దగ్గర మడిచి, తల నేలకానించి, కింది వరస కిందనుంచి జారిపోయింది. నేను నోరు తెరిచేలోగా మొక్క మొదలుదాకా అయిపోయింది. జనం ఒకటే నవ్వు. కింది వరస ఎత్తులో ఉందని వాదించి, దించి కట్టించి, మళ్లీ తోలమన్నాను. ఈసారి రెండో వరసకూ మూడోదానికీ మధ్య ఒళ్లు సన్నం చేసుకుని దూరింది. లోపల తినడానికేమీ మిగల్లేదు. ఊరికే నన్ను ఏడిపించడానికే దూరినట్టుంది.

రేగుకంప దగ్గర అది తొందరపడలేదు. కంపకున్న పచ్చిరేగాకు ముందు తిన్నది. అది అయ్యాక ఒక కొమ్మను పళ్లతో పట్టి పక్కకు లాగి, లోపలికి పోయి, చీనీ మొక్కతో భోజనం ముగించింది. రాతిగోడ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క గెంతులో పైకెక్కి, నాలుగు దిక్కులూ చూసి, నింపాదిగా లోపలికి దిగింది.

“నేను చెప్పినా కదా, కరెంటే మందు” అన్నాడు బయ్యన్న.

తిమ్మక్క కొంగు బిగించుకుని నిలబడింది. అందరూ మేకను మెచ్చుకుంటున్నారు. వనజాక్షమ్మ ముఖంలో మాత్రం ఓడిపోయిన కళ లేదు. మేమంతా మేక నోరు చూస్తుంటే ఆమె దాని కాళ్లు చూసిందని ఆ తర్వాతే తెలిసింది.

“గోడెక్కినాక అది రోంతసేపు నిలబడింది, సూసినారా?” అంది. “పైన నిలబడేకి తావుంది కాబట్టి ఎక్కింది. ఆ తావు లేకుండా చేస్తే?”

కంపను తెప్పించి గోడమీద పరిపించింది. ముళ్లు బయటికి చూసేట్టు, మొదళ్లమీద బరువుకు రాళ్లు పెట్టించింది. తన తోటలోంచే, బతుకుతున్న మొక్క ఒకటి వేళ్లతో సహా పెళ్లగించి తెచ్చి లోపల నాటింది. అది చూసి బయ్యన్న “అయ్యో” అన్నాడు.

చుక్కి వచ్చింది. ముందుకాళ్లు గోడకానించి లేచింది, ముట్టెకు ముల్లు తగిలి దిగింది. పక్కకు పోయి లేచింది, దిగింది. గోడ చుట్టూ తిరిగింది. కంప లాగుదామంటే మొదళ్లు రాళ్లకింద ఉన్నాయి. కిందనుంచి పోదామంటే రాయి. చాలాసేపు తంటాలు పడి, చివరికి విసుగొచ్చి తిమ్మక్క నీడలో చేరి పడుకుంది.

తిమ్మక్క మాట తప్పే మనిషి కాదు. గోడ దగ్గరికి పోయి, చేతులు జోడించి, నిజంగానే దండం పెట్టింది.

నేను తీగ చుట్టుకుంటుంటే వనజాక్షమ్మ దగ్గరికొచ్చింది. “నీకు బ్యారం చెడగొట్టినా శెట్టన్నా. మొదటి కాపులో మొదటి గంప నీదే.” ఆమె ఆ రోజు కొన్నదల్లా రెండు రెక్కల గేటుకు బందులు. తోటకు బండి పట్టే గేటు చాలదా అని అడిగాను.

“మంద పట్టాల” అంది. “చెట్లు ఎదిగినాక గొర్రెల మందను లోపలికి తోలించుకోవద్దా?”

ఇంకా మోకాలెత్తు లేని మొక్కలకు మంద పట్టేంత గేటు! బస్సులో కదిరిదాకా ఆమె ధైర్యానికి మురిసిపోతూనే ఉన్నాను. నా సరుకు అమ్ముడుపోలేదన్న దిగులు నల్లమాడ దాటకముందే పోయింది.

ఆ ఎండాకాలమంతా వాళ్లు గోడ కట్టారు. రాళ్లకు మా నేలలో కరువా? మడకతో దున్నితే మట్టికన్నా ముందు రాళ్లే లేస్తాయి. ఆమె చేతులు కాయలు కాచి, చీలి, మానాయి. ఏటా పాత కంప తీసి కొత్తది పరిపించేది. ఆ దారిన పోయినప్పుడల్లా బస్సు కిటికీలోంచి నల్లటి గోడ, దానిమీద కంప, లోపల ఏటికేడు పెరిగే పచ్చటి తలలు కనిపించేవి. తీగ కొనడానికొచ్చినవాళ్లతో “ముందు పోయి ఆ గోడ చూసి రాండప్పా” అనేవాణ్ణి. మా అన్న నాకు మతిపోయిందని తిట్టేవాడు.

చుక్కి రోజూ ఆ గోడ పక్కనుంచే కొండకు పోయేదట. మొదట్లో ఆగి వాసన చూసేదట. తర్వాత తర్వాత తల కూడా తిప్పేది కాదట.

నాలుగో ఏడు వానలు మొహం చాటేశాయి. ఐదో ఏడు అసలే లేవు. ఊరూరా బోర్లు దగ్గి దగ్గి ఆగిపోయాయి. ఎవరిని కదిలించినా అదే మాట. రెండువేల మూడు వేసవిలో, నల్లమాడ బస్సు కండక్టరు మా అంగడి ముందు దిగి చెప్పాడు: “వనజాక్షమ్మ నిన్ను రమ్మనింది. గంప తీసకపోవాలంట.”

నా బుద్ధికి ఏం చెప్పాలి! నిండు కాపు చీనీకాయలనుకున్నాను. పెద్ద సంచి ఒకటి చంకన పెట్టుకుని, ఆమె గెలిచిందని సంబరపడుతూ బస్సెక్కాను.

తోట గేటు దగ్గర దిగేసరికి సంబరమంతా అణిగిపోయింది. మనిషిని మించి ఎదిగిన చెట్లు. ఆకులు పచ్చగానే ఉన్నాయి గానీ అన్నీ దోనెల్లా ముడుచుకుపోయాయి. బోరు ఎండి చాలాకాలమైందట. ఇన్నాళ్లూ ట్యాంకర్లు తోలించి బతికించారట. ఇప్పుడు ట్యాంకరుకు కూడా నీళ్లు దొరకడంలేదు. గేటు బయట దారిమీద తిమ్మక్క మంద నిలబడి ఉంది. ప్రతిదానికీ పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. కొండమీద గడ్డిపోచ లేదు.

వనజాక్షమ్మ ఒక చిన్న గంప తెచ్చి నా ముందు పెట్టింది. నిమ్మకాయలంత కాయలు. “మాటిచ్చినా కదన్నా. రసముండదు, ఏమనుకోవద్దు” అంది.

తెచ్చిన పెద్ద సంచిని మడిచి చంక కింద దాచుకున్నాను.

ఆమె పోయి గేటు రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

“ఇంగో నెల సూద్దాం వనజా” అన్నాడు బయ్యన్న. అతని గొంతులో మైకు లేదు.

“నెలకు ఆకంతా రాలిపోతాది. రాలినాక చెట్టుకూ లేదు, మేకకూ లేదు. పచ్చగా ఉండంగానే పెట్టాల.”

తిమ్మక్క కదల్లేదు. “వద్దు వనజమ్మా. ఐదేండ్లు బిడ్డ మాదిరి సాకినావు. నా చేత్తో నేను తోలలేను.”

“నువ్వు తోలొద్దులే. నేనే పిలుచుకుంటా.”

మందకు ముందు చుక్కి ఉంది. ముసలిదైపోయింది, నుదుటి చుక్క మాసిపోయింది. గేటు దాకా వచ్చి ఆగిపోయింది. ఎదురుగా గోడ లేదు, కంప లేదు, తీగ లేదు. అయినా అది కాలు ముందుకు వేయలేదు. ఒకసారి వాసన చూసి తల పక్కకు తిప్పుకుంది. అది ఆగేసరికి వెనక మంద మొత్తం ఆగింది.

వనజాక్షమ్మ దగ్గరి చెట్టునుంచి ఒక కొమ్మ విరిచింది. గేటు మధ్యలో మోకాళ్లమీద కూర్చుని చెయ్యి చాపింది.

“రావే దొంగా. ఆ పొద్దు నేను పిలిస్తే వచ్చినావు గదా. ఈ పొద్దు గూడా నేనే పిలుస్తాండా, రా.”

చుక్కి మెడ చాచి ఒక ఆకు అందుకుంది. ఆమె కూర్చున్నది కూర్చున్నట్టే వెనక్కు జరిగింది. అది ఒక అడుగు వేసింది. మళ్లీ జరిగింది, మళ్లీ వేసింది. గేటు దాటాక ఆమె దాని మెడ నిమిరి లేచి నిలబడింది.

తిమ్మక్క ఏడుస్తూ చేతులు జోడించబోయింది. వనజాక్షమ్మ ఆ చేతులు పట్టుకుని దించింది. “బెరడు కొరకకుండా సూసుకో తిమ్మక్కా. ఆకు తిని మోడు ఇడిసిపెడితే, వానొచ్చినప్పుడు సిగురేస్తాది.” ఆమె ఏడవలేదు. నాకే కళ్లు మసకబారి గంప కనిపించలేదు.

ఐదేళ్ల కింద మా అంగడి బందులతో నిలబెట్టిన గేటు అది. మంద మొత్తం ఒక్కటి కూడా గోడకు రాసుకోకుండా, ఒక్కసారే లోపలికి పోయింది.