విడుపు దాకా

నేను ఒక వేడినీళ్ల సంచిని. ఎర్ర రబ్బరు ఒళ్లు, బిగుతు మూత. కాకినాడ మందుల షాపులో వీరవేణి నన్ను కొన్నది కడుపునొప్పికి. రాష్ట్రంలో మద్య నిషేధం వచ్చాక ఆమె భర్త బులిరాజు నాలో బ్రాందీ పోశాడు.

యానాం చుట్టూ ఆంధ్రా. యానాం మాత్రం ఒకప్పుడు ఫ్రెంచివాళ్లది, తర్వాత పాండిచ్చేరిది. అందుకని నిషేధం ఆ ఊరి పొలిమేర దాకా వచ్చి ఆగిపోయేది. తాగేవాళ్లు ఆగలేదు. వీరవేణి నన్ను చీర కింద కట్టుకుని, నిండు చూలాలిలా నడుం మీద చెయ్యి వేసుకుని చెక్‌పోస్టు దాటేది. బస్సులో జనం లేచి సీటిచ్చేవాళ్లు. "దొరికావంటే నువ్వెవరో నాకు తెలీదు" అని బులిరాజు ముందే చెప్పాడు. ఆమెకు ఆ ఇల్లు తప్ప వేరే నీడ లేదు.

ఒకరోజు ఉదయం సూర్యగ్రహణం. బులిరాజు గుర్తుపెట్టుకుని పచ్చడి జాడీల మీద దర్భలు వేయించాడు. కడుపుతో ఉన్న ఆడది గ్రహణం పూట గడప దాటదన్న సంగతి మాత్రం ఇద్దరికీ తట్టలేదు. నిజంగా కడుపుతో ఉంటే తట్టేది.

చెక్‌పోస్టులో హెడ్ కానిస్టేబుల్ భాగ్యవతి బస్సెక్కి, ఆమెను చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఇదేం పనమ్మా? మీ అత్తగారికి బుద్ధుండక్కర్లేదా?"

"అత్తగారు లేరండి."

"మొగుడో?"

"ఉన్నాడండి."

"ఉండి ఏం లాభం. దిగు. లోపల వెల్లకిలా పడుకో. గోక్కోకు, కాళ్లు ముడవకు. విడుపయ్యాక పోదువుగాని."

అనుమానంతో కాదు, జాలితో దింపింది. తలుపులు మూసి బల్ల మీద పడుకోబెట్టింది. "బిడ్డ కదులుతున్నాడా?" అంటూ నా మీద చెయ్యి వేసింది. నేను చల్లగా ఉన్నాను. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండి, వెనక్కి వెళ్లింది.

"మీ ఆయనెక్కడ?"

వీరవేణి కిటికీ వైపు చూసింది. బస్సు వెనకే వచ్చిన బులిరాజు, మూసిన కిళ్లీ బడ్డీ దగ్గర మోపెడ్ మీద కూర్చుని ఉన్నాడు. పిలిపిస్తే గుమ్మం దాకా వచ్చాడు.

"ఆవిడెవరో నాకు తెలీదండి" అన్నాడు. మోపెడ్ చప్పుడు దూరమైంది.

గ్రహణం విడిచింది.

"ఇంక లెగమ్మా. కేసు రాసుకోవాలి" అంది భాగ్యవతి.

"ఇంకాసేపు పడుకుంటానండి."

భాగ్యవతి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

బ్రాందీ పారబోసి, నాకు సీలు వేసి, పట్టుబడిన సామాన్ల గదిలో పడేశారు. తర్వాత నిషేధం ఎత్తేశారు. ఎదురుగానే బ్రాందీ షాపు వచ్చింది. నాకోసం ఎవరూ రాలేదు. ఎండలకు రబ్బరు కరిగి, లోపలి గోడలు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఇప్పుడు నాలో వేడినీళ్లు కూడా పట్టవు.