తొమ్మిదేళ్ల నడుంనొప్పి

లిఫ్టు మెకానిక్కుకు అప్పటికి ముప్పై ఒక్క ఏళ్లు. తోటివాళ్లు మాత్రం అతన్ని "తాతగారూ" అని పిలిచేవాళ్లు. పొద్దున్నే వర్క్‌షాపులోకి వచ్చేటప్పుడు అతని వాలకం అలాగే ఉండేది. వీపు చెక్కలా బిగుసుకుపోయి ఉండేది. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మెడ తిరక్క మనిషి మొత్తం తిరిగేవాడు. పదింటికల్లా నాలుగు మేడలు ఎక్కి దిగి, ఒళ్లు వేడెక్కాక, మామూలు మనిషైపోయేవాడు. అదే అతని ప్రాణం మీదికి తెచ్చింది.

"పొద్దున మూలుగుడు, పదింటికి ఉడతలా ఎక్కుడు. పనిదొంగల్ని చాలామందిని చూశాను గానీ, టైం టేబుల్ ప్రకారం నొప్పి తెచ్చుకునేవాణ్ణి నిన్నే చూస్తున్నా" అన్నాడు సూపర్‌వైజరు, అందరి ముందూ.

అందరూ నవ్వారు. అతనూ నవ్వేశాడు.

నొప్పి మొదలైంది ఇరవై రెండో ఏట. ఒక వారం ఎడమ పిర్రలో, ఇంకో వారం కుడి పిర్రలో. ఆ తర్వాత నడుములో తిష్ఠ వేసింది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, దీపానికి అడ్డం పెట్టి చూసి, "డిస్కు కాస్త జరిగింది. బెల్టు పెట్టుకో. మూడు వారాలు పూర్తిగా రెస్టు" అన్నాడు. పెద్దాయన మాట కదా అని మూడు వారాలూ మంచం దిగలేదు. రోజురోజుకీ పెరిగింది తప్ప తగ్గలేదు. చివరికి లేచి కూర్చోవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆ మాటే వెళ్లి చెబితే డాక్టరు, "అయితే రెస్టు చాల్లేదన్నమాట. ఇంకో మూడు వారాలు" అని చీటీ రాసిచ్చాడు.

పెళ్లయ్యాక ఇంట్లోనూ అదే వరస. భార్య ప్రింటింగ్ ప్రెస్సులో పుస్తకాలు కుట్టేది. ఆరున్నరకే బయల్దేరాలి. "ఎనిమిది గంటలు పడుకుని లేచిన మనిషి ఇంత అలసిపోయానంటే ఎవరు నమ్ముతారండీ?" అని విసుక్కునేది. నిద్ర సగంలోనే నొప్పి లేపేస్తుందని అతను మొదట్లో చెప్పాడు. తర్వాత చెప్పడం మానేశాడు.

ఒకరోజు ఎడమకన్ను ఎర్రబడింది. కళ్లకలక అనుకుని మందులషాపులో చుక్కలు కొనుక్కున్నాడు. మూడో రోజుకి వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టయింది. లిఫ్టు తలుపు మీద అంకెలు మసగ్గా కనిపించాయి. అప్పుడు భయమేసి కళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు.

ఆవిడ పెద్దావిడ. యంత్రానికి అతని గడ్డం ఆనించి, కంట్లోకి చాలాసేపు చూసింది. "ఇది కళ్లకలక కాదు బాబూ. కంటి లోపల వాపు. ఆలస్యం చేసుంటే చూపుకే ఎసరు వచ్చేది" అంది. అని, కలం పక్కన పెట్టి, కంటికి ఏ సంబంధమూ లేని ప్రశ్న వేసింది.

"నీకు నడుంనొప్పి ఉందా?"

అతను నివ్వెరపోయాడు. "మీకెలా తెలుసమ్మా?"

"పొద్దున లేవగానే బిగుసుకుపోయి ఉంటుందా? ఎంతసేపు?"

"గంట. ఒక్కోరోజు రెండు."

"పనిలో పడితే తగ్గుతుందా?"

"తగ్గుతుందమ్మా."

"పడుకుంటే?"

"పెరుగుతుంది" అన్నాడు. ఎర్రబడ్డ కంటిలోంచే కాదు, బాగున్న కంటిలోంచి కూడా నీళ్లు కారాయి. ఈ ప్రశ్నలు అడగడానికి ఆవిడకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. తొమ్మిదేళ్లలో ఇంకెవరికీ ఆ నిమిషం దొరకలేదు.

ఆవిడ రాసిచ్చిన ఉత్తరం పట్టుకుని భార్యతో కలిసి కీళ్లవాతం డాక్టరు దగ్గరికి వెళ్లాడు. రక్తపరీక్షలు, స్కానింగులు అయ్యాయి. డాక్టరు అతన్ని గోడకి మడమలు ఆనించి నిలబెట్టి, తల వెనక్కి పెట్టమన్నాడు. తల గోడకి తగల్లేదు. నాలుగు వేళ్ల సందు మిగిలింది.

"ఇది అరుగుదల కాదు, డిస్కూ కాదు. ఒంట్లో రోగాలు రాకుండా కాపలా కాయాల్సిన శక్తే దారితప్పి, వెన్ను కీళ్ల మీద పడి వాపు తెస్తోంది. అదే వాపు కంటికీ వచ్చింది. పట్టించుకోకపోతే ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నీకు నడుం కింద రెండు చోట్ల అప్పుడే అతుక్కున్నాయి."

"అవి మళ్లీ విడిపోవా?" అంది భార్య.

"విడిపోవమ్మా. మిగతావి కాపాడుకుందాం."

ఇంటికొచ్చాక ఆమే మొదలుపెట్టింది. "అందరూ అన్నారు సరే. నేనూ అన్నాను కదండీ."

"అన్నావు" అన్నాడు అతను. ఫరవాలేదని అనాలనిపించలేదు. అనలేదు. ఆమె కూడా ఆ మాట అడగలేదు. బీరువా తెరిచి, పాత చీటీలన్నీ మంచం మీద కుమ్మరించి, వెతికి వెతికి ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది.

మర్నాడు ఆ చీటీ, ఆ బెల్టు పట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. బయట పదిమంది రోగులు కూర్చుని ఉన్నారు. అతను లోపలికి వెళ్తూ తలుపు మూయలేదు.

"తొమ్మిదేళ్లు కట్టుకున్నాను దీన్ని" అని బెల్టు బల్ల మీద పెట్టి, వచ్చిన జబ్బేమిటో చెప్పాడు.

డాక్టరు మొహం చిట్లించాడు. "అప్పటి ఎక్స్‌రేలో అలాంటిదేమీ లేదయ్యా. మొదట్లో కనపడదు. నువ్వైనా సరిగ్గా చెప్పుండాల్సింది."

"చెప్పాను. చదవండి."

డాక్టరు చీటీ అందుకున్నాడు. తన చేతిరాతే. "విశ్రాంతితో తగ్గలేదు, పెరిగింది" అని ఒక వరస. దాని కింద "మరో మూడు వారాలు విశ్రాంతి" అని ఇంకో వరస.

"నేను చెప్పింది మీరు విన్నారు. రాసుకున్నారు కూడా. రాసింది మీరే చదువుకోలేదు" అన్నాడు మెకానిక్కు. "లిఫ్టు ఆగిపోయిందని పిలిస్తే, ఎప్పుడాగింది, ఎక్కడాగింది, ఏం చేస్తే కదిలింది అని మేం అడుగుతాం. ఇనప పెట్టె గురించే ఇన్ని అడుగుతామండీ."

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పొరపాటైంది" అన్నాడు చాలా మెల్లిగా.

"వాళ్లకి వినపడేలా అనండి" అన్నాడు అతను, తలుపు వైపు చూపిస్తూ. డాక్టరు అనలేదు. బెల్టు అక్కడే వదిలేసి అతను వచ్చేశాడు.

రోజూ మాత్రలు, రోజూ వ్యాయామం మొదలయ్యాయి. సిగరెట్ మానేశాడు. మాత్రలకి జబ్బు లొంగకపోతే, రెండు వారాలకొక ఇంజెక్షను మొదలుపెట్టారు. దానివల్ల లోపల దాగిన క్షయ తిరగబడొచ్చు గనక, అది లేదని ముందే పరీక్ష చేశారు.

జబ్బుకి పేరుందని తెలియగానే సూపర్‌వైజరుకి ఎక్కడలేని దయ పుట్టుకొచ్చింది. "పాపం, ఇకనుంచి ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తు. కష్టపడకు" అన్నాడు.

"కూర్చుంటే బిగుసుకుపోతాను సార్. కదలడమే నాకు మందు." డాక్టరు రాసిన కాగితం ముందు పెట్టాడు. మెట్లెక్కే పని చేయొచ్చు. బరువులెత్తడం, లిఫ్టు గుంటలో వంగి చేసే పని వద్దు. పొద్దున గంట ఆలస్యంగా రానివ్వాలి.

"గంట ఆలస్యంగానా! ఇది కూడా రాయించుకొచ్చావా?"

"నోటితో చెబితే నవ్వారు కదా సార్. అందుకే రాయించాను."

పక్కనున్న మెకానిక్కులెవరూ ఈసారి నవ్వలేదు. సూపర్‌వైజరు గొణుక్కుంటూనే సంతకం పెట్టాడు.

నాలుగు నెలలకి పొద్దుటి బిగువు పావుగంటకి దిగింది. తెల్లారేదాకా ఒక్క తీరున నిద్రపోతున్నాడు. ఆ నాలుగు వేళ్ల సందు మూడు వేళ్లయింది. అంతకంటే తగ్గదేమోనని డాక్టరు దాచకుండా చెప్పాడు.

ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. అన్నీ విని, "పోనీలే బావా, ఇప్పటికైనా తెలిసింది. అదే అదృష్టం" అన్నాడు.

అతను జవాబు చెప్పేలోపే భార్య గిన్నె ఠక్కున కింద పెట్టింది.

"ఏది పోనివ్వాల్రా? ఆ అతుక్కున్న ఎముకలా, తొమ్మిదేళ్లా?"

మెకానిక్కు ఆమె వైపు చూసి, చాలా రోజుల తర్వాత, తన పక్కనున్న కుర్చీ ఆమెకోసం జరిపాడు.