ఎనిమిది సీసాల్లో ఒకే మనిషి

డాక్టరమ్మ ఎనిమిది రిపోర్టులూ బల్లమీద పరిచి నర్సు వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది, నర్సుకి ఆ చూపు అలవాటే. ఈసారి ఆ కళ్ళల్లో భయం ఉంది.

"ఎనిమిది మందికీ అదే ఇన్‌ఫెక్షను, అదే వైరసు, గర్భసంచి ముఖద్వారం దగ్గర అవే చెడ్డ కణాలు. ల్యాబు వాళ్ళు రెండుసార్లు చూశారు. ఇది ఎనిమిది మందిది కాదమ్మా, ఒక్క మనిషిదే."

"ఎవరిది మేడమ్?"

"అది నువ్వు కనుక్కోవాలి. ఇంకా క్యాన్సరు దాకా పోలేదు. ఇప్పుడు దొరికితే చిన్న వైద్యంతో బతికిపోతుంది. క్యాంపుకి తెచ్చిన ఆ వైద్యం మిషను రేపు పొద్దున పట్నానికి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఏడాదికి గానీ రాదు. అప్పుడు నేనేం చెయ్యలేను."

ఆ కొండవాళ్ళ పేటలో పుట్టి తెల్లకోటు వేసుకున్న మొదటి ఆడపిల్ల నర్సే. పేట ఆడవాళ్ళు ఆసుపత్రికి రారు. వస్తే అక్కడివాళ్ళు తెర సగమే వేస్తారు. వార్డు ఆయా ముక్కు మూసుకుని, "శుభ్రం తెలియని జనం" అని వినపడేలా అంటుంది. శుభ్రం గురించి ఆవిడే మాట్లాడాలి! ఆవిడ కడిగిన బేసిన్లలో నిన్నటి మరకలు అలాగే ఉంటాయి.

అందుకే నర్సు చిన్న బ్రష్షు, సీసా ఇంటింటికీ పట్టుకెళ్ళి, "ఎవరూ చూడరు, మీ ఇంట్లో మీరే నమూనా తీసుకోండి" అని గడ్డం పట్టుకుని బతిమాలింది. మర్నాడు పొద్దున్నే ఎనిమిది సీసాలూ వచ్చాయి. ఆ రోజు ఆమె కాళ్ళు నేలమీద ఆగలేదు.

పేటలో ఒకరి పని ఒకరు చేసిపెట్టడం మామూలే. ఒకరు క్యూలో నిలబడితే పదిళ్ళకి సరుకులొస్తాయి. ఒకరు పిల్లల్ని చూస్తే పదిమంది పనికి పోతారు. ఆ అలవాటే కొంప ముంచిందని జీపు పేట చేరేలోపు నర్సుకి అర్థమైంది.

ఎనిమిది మందినీ బడి గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది.

"ఎవరి సీసా వాళ్ళే నింపారా?"

"ఆఁ, ఎవరిది వాళ్ళమే" అన్నారు అందరూ, ముందే అనుకున్నట్టు ఒక్క గొంతుతో. పేటనంతా నవ్వించే పొట్టి వదిన అయితే, "నాది కాస్త ఒలికింది కూడానమ్మా" అంటూ ఆ అబద్ధానికి అంచు కూడా కుట్టింది.

మరో రోజైతే నర్సు నవ్వేది. ఇవాళ ఒళ్ళు మండింది.

"వదినా, ఆటలొద్దు. ఆ సీసాల్లో ఉన్నది ఒక్క మనిషే. ఆ మనిషికి ప్రాణం మీదికొచ్చింది. రేపటిలోగా నాకు చెప్పకపోతే చేజేతులా చంపుకున్నవాళ్ళం అవుతాం. అందరూ జీపెక్కండి, డాక్టరమ్మ చూస్తుంది."

ఒక్కరూ కదల్లేదు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకొకామె పొట్టి వదిన మోకాలు గట్టిగా పట్టుకుంది. ఇది తమ ప్రాణం గురించిన భయం కాదని నర్సుకి తెలుస్తూనే ఉంది. ఎవరికో మాటిచ్చి ఇరుక్కున్న మొహాలు అవి.

"ఎవరు వదినా?" అంది, ఈసారి అరవకుండా.

పొట్టి వదిన భోరుమంది. "మాలో ఎవరూ కాదే తల్లీ. మాకు చచ్చేంత సిగ్గేసింది. మీ అమ్మ దగ్గరికెళ్ళి ఏడ్చాం, నీకు నచ్చజెప్పమని. ఆమె సీసాలన్నీ లాక్కుంది. నీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

పేట చివర ఇంటిదాకా ఎలా నడిచిందో నర్సుకే తెలియదు. అమ్మ పెరట్లో కర్రతో కలుపుతూ గుడ్డలు ఉడకబెడుతోంది. కూతురి మొహం చూడగానే ఆమెకి విషయం తెలిసిపోయింది.

"ఖాళీ సీసాలు పట్టుకెళ్తే అక్కడ నీ పరువు ఏం కానే? నేను ముసలిదాన్ని, నాకేం సిగ్గు. ఎవరిదైతేనేం అనుకున్నా."

"ఇంత బాధ పెట్టుకుని నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఇంటింటికీ తిరిగి అందరినీ అడిగావు. మనింటికి రాలేదుగా. నన్ను అడగడం నీకు ఇష్టం లేదనుకున్నా."

ఇష్టం లేక కాదు, సిగ్గు. జాబితా రాసింది తనే. కన్నతల్లిని ఆ మాట ఎలా అడుగుతామని ఈ ఒక్క గడపా వదిలేసింది. సిగ్గుపడితే ప్రాణాలు పోతాయని పేటంతా ఊదరగొట్టి, తానే సిగ్గుపడింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

పొయ్యి పక్కనే చతికిలబడి సంచిలోంచి కొత్త ఫారం తీసింది. ఎందరినో తడబడకుండా అడిగిన ప్రశ్నలవి.

"తెల్లబట్ట అవుతోందా?"

"అవుతోంది."

"వాసన?"

"ఉంది."

"మధ్యమధ్యలో... రక్తం?"

అమ్మ కర్ర కింద పెట్టింది. "రెండేళ్ళ నుంచీ" అంది.

నర్సు రాసుకుంది. అక్షరాలు అలుక్కుపోయాయి, పెన్ను తర్వాతి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. అమ్మ వచ్చి పక్కన కూర్చుని ఆమె వీపు మీద తడిచెయ్యి వేసింది.

"అడగవే, అన్నీ అడిగెయ్. నేను చెప్తాగా."