తెర మీద ఒకటి

మోంతెవిదేవో రేవుకు దగ్గర్లోని మా పేట గ్రంథాలయంలో, బీరువా పక్కన ఒక పాత కంప్యూటర్ ఉంది. అదే మా సర్వర్. పేటవాళ్ళం రెండు వందల మందిమి అందులో రాసుకుంటాం, ఫొటోలు పెట్టుకుంటాం. ఇలాంటివి ఊరూరా ఉన్నాయి. ఎవరిది వాళ్ళదే అయినా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. వీటన్నిటికీ కలిపి యజమాని అంటూ ఎవడూ లేడని మాకు మహా గొప్ప. మా సర్వర్ బాగోగులు చూసేది నేను, ఫ్రిజ్‌లు బాగుచేసే వాల్దెమార్‌ని.

మేం ఏ సర్వర్‌నైనా బ్లాక్ చెయ్యాలంటే, అంటే అక్కడి రాతలేవీ మాకు రాకుండా ఆపాలంటే, శనివారం సమావేశంలో అందరూ చేతులెత్తాలి. ఒక్కరు ఎత్తకపోయినా కుదరదు.

ఆ శనివారం మాట యమిలా గురించి. కార్నివాల్ బృందంలో పాడే పిల్ల. సాల్తో ఊరి సర్వర్ నుంచి నలుగురు వెధవలు రోజూ ఆ పిల్ల మీద పడి రాయరాని రాతలు రాస్తున్నారు. ఆ సర్వర్ చూసుకునేవాడికి నాలుగు ఉత్తరాలు రాశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"నలుగురి కోసం ఊరందరి నోరూ నొక్కుతామా?" అన్నాడు బడిపంతులు ఓస్వాల్దో, గొట్టంతో మాతే కషాయం పీలుస్తూ.

"ఎవరి నోరు నొక్కుతున్నాం మాస్టారూ? వాళ్ళింట్లో వాళ్ళు అరుచుకోమనండి. మన కిటికీ మనం వేసుకుంటున్నాం, అంతే!" అన్నాను. చప్పట్లు కూడా కొట్టారు. నాకు ఛాతీ ఉబ్బింది.

అందరికంటే ముందు చెయ్యెత్తింది దోన్యా సుల్మా. డెబ్భై ఏళ్ళ దర్జీ, దోన్యా అని మేం మర్యాదగా పిలుచుకునే పెద్దావిడ. "పసిదాన్ని ఏడిపిస్తార్రా? మూసిపారెయ్ నాయనా!" అంది. చివరికి పంతులూ ఎత్తాడు.

బ్లాక్ బటన్ నొక్కబోతే కంప్యూటర్ తెర ఒక లెక్క చూపించింది: దీనివల్ల మీవాళ్ళకు అక్కడివాళ్ళతో తెగిపోయే బంధాలు, ఒకటి. ఒకటే కదా అనుకున్నాను. ఎవరిదని చూడలేదు. నొక్కేశాను.

సోమవారం పొద్దున్నే సుల్మా ఫోన్ పట్టుకుని నా కొట్టుకొచ్చింది.

"రెండు రోజులుగా మా హెర్మినియో ఫొటో రావట్లేదురా. ఒంట్లో బాలేదేమో."

ఆమె తమ్ముడు. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. ఎందుకో ఆమె చెప్పదు. అతను రోజూ పొద్దున ఒక ఫొటో పెడతాడు: నది, గోడ మీద మాతే తాగే బుర్ర. తను ఒప్పుకున్నవాళ్ళకే కనిపించేలా పెట్టుకున్నాడు. అది చూసి, బతికే ఉన్నాడనుకుని ఆమె మిషను ముందు కూర్చుంటుంది. అతనుండేది సాల్తోలోనే. అతని ఫొటోలు ఏ సర్వర్ నుంచి వస్తున్నాయో ఆమెకు తెలియదు. తెలుసుకోవాల్సినవాణ్ణి నేను.

మనం మూసింది ఆ సర్వర్‌నేనని చెప్పాను. "నన్నొక మాట అడగొద్దూ?" అంది.

"అడిగాం దోన్యా. ముందు చెయ్యెత్తింది మీరే."

ఆమె ఫోన్ సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నమే సంగతి తెలిసి యమిలా వచ్చి, "తెరిచెయ్యన్నా, నేను పడతాలే" అంది. తెరిచాను. కానీ తెగిన బంధం తెరిస్తే అతుక్కోదు. మళ్ళీ అడగాలి, అతను మళ్ళీ ఒప్పుకోవాలి. పైగా అటునుంచి చూసేవాడికి అక్కే వదిలేసి పోయినట్టు కనబడుతుంది. సుల్మా ఇంటికెళ్ళి ఇదంతా చెప్పాను. ఆమె చేత అడిగించాను. ఆమె ఫోన్‌లో "వేచి ఉంది" అని వచ్చింది.

పన్నెండు రోజులు అదే మాట. ఈలోగా ఆ నలుగురూ యమిలా మీద మళ్ళీ పడ్డారు. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా ఆ రాతలు ఒక్కొక్కటే తుడిచేసుకుంటూ కూర్చుంది. రిహార్సల్‌కు పోవడం మానేసింది.

రెండో శనివారం సుల్మా లేచి, "మూసెయ్ నాయనా" అంది.

"అతను ఇంకా చూడలేదేమో దోన్యా. ఇంకో వారం ఆగుదాం."

"రోజూ ఫోన్ చూసేవాడు చూడకుండా ఉంటాడా? అప్పుడంటే అమ్మ పోయిన రోజు అడిగాను, ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఒప్పుకోవాలంటే ఎవరు పోవాల్రా?"

ఈసారీ ముందు చెయ్యెత్తింది ఆమే. ఒక్కొక్కరం ఎత్తాం. యమిలా ఏడుస్తూ అందరికంటే చివర ఎత్తింది.

తెర మళ్ళీ లెక్క చూపించింది. తెగిపోయే బంధాలు, సున్నా. నొక్కాను.