చుక్కల మందు

దుకాణంలోకి ఎవరొచ్చినా దర్జీ ఒకటే పాట. "మా ఆవిడ చేతిలో పడిందంటే మీ చొక్కా మీ మనవడు తొడుక్కోవాల్సిందే!" వాళ్లు నవ్వేవారు. మెషిను ముందున్న ఆమెకు ఒళ్లు మండిపోయేది.

ఒకప్పుడు ఆమె మెషిను తొక్కుతుంటే పక్కవాళ్లకు మాట వినపడేది కాదు. ఈమధ్యే మెట్లెక్కితే ఆయాసం, లేచి నిలబడితే కళ్లు బైర్లు. మొగుడికి చెబితే "బద్ధకం" అన్నాడు. తను చూపించుకునే కళ్ల డాక్టరుకు చెబితే తలైనా ఎత్తకుండా "వయసు కదమ్మా" అన్నాడు.

ఒక సాయంత్రం కాలరు కుడుతూ కుడుతూ మెషిను మీదే ఒరిగిపోయింది.

ఆస్పత్రిలో నాడి పట్టిన డాక్టరమ్మ ముఖం మారిపోయింది. గుండె కొట్టుకోవాల్సిన దాంట్లో సగమే కొట్టుకుంటోంది. థైరాయిడ్ తగ్గినా, ఒంట్లో లవణాలు అటూ ఇటూ అయినా, గుండెలో కరెంటు నడిచే దారి దెబ్బతిన్నా ఇలా అవుతుందంటూ అన్ని పరీక్షలూ చేయించింది. ఏదీ తేలలేదు.

"మందులేమైనా వాడుతున్నారా?"

"ఏం లేవండీ. తిని కూర్చోవడమే," అన్నాడు దర్జీ, అక్కడా నవ్వుతూ.

"నన్నడగండి డాక్టరుగారూ, ఒళ్లు నాది!" ఆమె అడ్డొచ్చింది. "బిళ్లలేం లేవు. కంట్లో ప్రెషరుందని కళ్ల డాక్టరు రాసిచ్చిన చుక్కలు వేసుకుంటున్నా, అంతే."

డాక్టరమ్మ ఆ సీసా తెప్పించి చూసింది. "ఇవి ముక్కులోకి జారి రక్తంలో కలుస్తాయి. కొందరికి గుండెను నెమ్మది చేస్తాయి. ఎవరూ చెప్పలేదా?"

ఆ చుక్కలు ఆపేశాక గుండె దారికొచ్చింది. ఇంటికి పంపించగానే ఆమె తిన్నగా కళ్ల డాక్టరు దగ్గరికే నడిచింది.

"కళ్లు తిరుగుతున్నాయని మీకు చెప్పానా, లేదా?"

బయట కూర్చున్నవాళ్లంతా తలలెత్తారు. "లోపలికి రండమ్మా, మెల్లగా మాట్లాడుకుందాం," అన్నాడాయన.

"మెల్లగా అన్న మాటెత్తకండి. మెల్లగా చచ్చేదాన్ని!"

ఆయన క్షమించమని గొణిగి, వేరే చుక్కలు రాసిచ్చాడు.

"పోనీలే, ఊరుకో. నేనేదో సరదాకన్నా," అన్నాడు వెంట వచ్చిన దర్జీ, ఇంటిదారిలో.

"నీ సరదా తగలెయ్య! ఎవరి ముందు నవ్వావో వాళ్ల ముందే చెప్పు, నాది బద్ధకం కాదని."

మర్నాడు మొదటి బేరం రాగానే కత్తెర వైపే చూస్తూ చెప్పాడు.

"వినపడలేదు," అంది ఆమె.

మళ్లీ చెప్పాడు, గట్టిగా. అయినా ఆమె కోపం దిగలేదు. దిగేదాకా వంట అతనిదేనని చెప్పి, మెషిను ముందు కూర్చుంది.