పేజీ మొత్తం

"నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా, ఆ బట్టలు కాస్త మడతపెట్టెయ్" అన్నారు మొగుడుగారు బూట్లు తొడుక్కుంటూ. ఇంట్లో ఉండటమంటే ఖాళీగా ఉండటమని ఆయన నమ్మకం. మన ప్రోగ్రామరమ్మ భోజనాల బల్ల మీద తన వాటాకొచ్చిన మూలలో ల్యాప్‌టాప్ తెరిచి, ప్రోగ్రాం సిద్ధమయ్యేలోగా చొక్కాలు మడవసాగింది.

మనసు మాత్రం చొక్కాల మీద లేదు. రోగికి మందు చుక్కచుక్కగా ఎక్కించే యంత్రానికి ప్రోగ్రాం రాసే ఆఫీసు వాళ్ళది. మోతాదు ఇంత దాటకూడదని చెప్పే అంకె ఒకటి అందులో ఉంటుంది. మొదట్లో ఒకసారి రాశాక ఇక మారకూడదు. పరీక్షల్లో అది ఎప్పుడో ఒకప్పుడు దానంతటదే మారిపోతోంది. ఆ భాగం ఆమె రాసింది కాబట్టి తప్పూ ఆమెదేనని తేల్చేశారు. "ఇల్లూ ఉద్యోగమూ రెండూ అంటే అంతేనమ్మా, ధ్యాస నిలవదు. సాయంత్రానికి తేలకపోతే ఇంకొకరికి అప్పగిద్దాం" అన్నాడు టీం లీడర్ పొద్దున్నే ఫోన్లో, ఎంతో జాలిగా. ఆ జాలికే ఆమెకు ఒళ్ళు మండింది. రెండేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్న కోడ్ అది.

తన కోడ్ మళ్ళీ మళ్ళీ చదివింది. తప్పు లేదు. అంటే ఇంకెవరో వచ్చి రాసిపోతున్నారు. పట్టుకునే దారి ఒకటుంది. కంప్యూటర్ మెమరీ పేజీలు పేజీలుగా ఉంటుంది. ఈ పేజీ ఎవరైనా చదవొచ్చు, ఎవరూ రాయకూడదు అని ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఒక్క పిలుపుతో చెప్పొచ్చు. ఆపైన ఎవరు రాయబోయినా అక్కడికక్కడే ఆపేస్తుంది.

పిలిచింది. కుదరదు పొమ్మంది సిస్టమ్.

"అమ్మాయ్, ఈ రిమోట్ పనిచెయ్యట్లేదే" అంటూ వచ్చారు అత్తగారు. బ్యాటరీలు మార్చిచ్చి, మళ్ళీ పిలిచింది. మళ్ళీ కుదరదంది. ఎందుకో చూసి నెత్తి కొట్టుకుంది. ఆ ఒక్క అంకె ఉన్న చోటికే తాళం వెయ్యమంటోంది తను. సిస్టమ్ పేజీ మధ్యలో తాళం వెయ్యదు. వేస్తే మొదటి నుంచి పేజీ మొత్తానికీ వేస్తుంది. అదే పేజీలో నిమిషనిమిషానికీ మారాల్సిన అంకెలు ఇంకా బోలెడున్నాయి. ముందు దీనికి విడిగా ఒక పేజీ ఇవ్వాలి.

ఆమెకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ తను అడుగుతున్నదీ అంతే కదా! బల్ల మీద ఓ మూల, మధ్యాహ్నం ఓ అరగంట. అడిగిందే ముక్కలు, ఇక మిగిలేదేముంది!

"ఒక్కదానివే నవ్వుతున్నావేంటే?" అన్నారు అత్తగారు. వివరంగా చెప్పింది. ఆవిడ ముక్కు మీద వేలేసుకున్నారు. "ఒక్క అంకెకి పేజీ మొత్తమా! దాని అదృష్టమే అదృష్టం."

విడి పేజీ ఇచ్చి, తాళం వేసి, పరీక్ష నడిపింది. ప్రోగ్రాం కుప్పకూలింది. అంత ముచ్చటగా కూలిన ప్రోగ్రాంని ఆమె జన్మలో చూడలేదు. రాయబోయి పట్టుబడ్డ కోడ్ లైను తెర మీద కళ్ళకు కట్టినట్టుంది. యంత్రంలో అలారం మోగినప్పుడల్లా ఆ అంకె ఉన్న చోట తన లెక్క రాసుకుపోతున్నది సాక్షాత్తూ టీం లీడర్ గారి కోడ్.

ఆన్‌లైన్ మీటింగులో అందరికీ చూపించింది. లీడర్ గొంతు సవరించుకున్నాడు. "అది... తాత్కాలికంగా పెట్టాను."

"తాత్కాలికం మొదలై రెండేళ్ళయిందండీ" అంది. మేనేజరుతో సహా అందరూ గొల్లున నవ్వారు. ఆ భాగం నీ దగ్గరే ఉంటుంది అన్నాడు మేనేజరు. ఆమెకు గాల్లో తేలినట్టుంది.

ఆ ఊపులోనే లేచి చివరి గదిలోకి వెళ్ళింది. మొగుడుగారు కొన్ననాడు తప్ప తొక్కని వ్యాయామం సైకిల్‌ని హాల్లోకి ఈడ్చి, ల్యాప్‌టాప్ అక్కడికి మార్చింది. సాయంత్రం ఆయనొచ్చి బిత్తరపోయారు. "గదంతా నీకెందుకు? బల్ల మీద చోటుందిగా?"

"మూల చాలదండీ. పని వేళల్లో తలుపు కొట్టి రండి" అని తలుపు వేసుకుంది.

కాసేపటికి ఎవరో తలుపు కొట్టారు. ఆ ఇంట్లో ఆమె కోసం తలుపు కొట్టడం అదే మొదలు. తీస్తే, చంకలో కుర్చీ, చేతిలో నవలతో అత్తగారు.

"ఇంకొకరికి చోటుందా అమ్మాయ్? హాల్లో కూర్చుంటే వాడు టీ అడుగుతున్నాడు."

"రండి అత్తయ్యా" అని పక్కకు జరిగింది. గడియ మాత్రం అత్తగారే పెట్టారు.